మనుషులకు ముందు తలుపు

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఇమాం మైకులో "ఒక స్త్రీ జనాజా" అని మాత్రం అన్నాడు. ఇక్కడ రియాద్‌లో అంతే. పోయినవాళ్ళ పేరు చెప్పరు. మగమనిషో, ఆడమనిషో, పసిబిడ్డో చెబుతారు. అందరూ లేచి వరుసల్లో నిలబడి ఆ చివరి నమాజు చదువుతారు.

నా పక్కన నిలబడ్డ అతను పాకిస్తానీ. వేరే పని మీద వచ్చి నమాజు వేళకు ఆ మసీదులో ఆగినట్టున్నాడు. పాడె బయటికి కదులుతుంటే దాని వెనక జనాన్ని చూసి నోరు తెరిచాడు. సౌదీలు, సూడాన్ వాళ్ళు, బంగ్లాదేశ్ వాళ్ళు, ఆసుపత్రి బట్టలతోనే వచ్చేసిన డాక్టర్లు, కంపెనీ యూనిఫాంలో ఉన్న డ్రైవర్లు, గోడ అవతల ఆడవాళ్ళ వైపు నుంచి వచ్చి వీధిలో నిలబడ్డ ఫిలిప్పీన్స్ నర్సులు. "ఎవరు భాయ్ ఈమె? రాజుగారి బంధువా?" అని ఉర్దూలో అడిగాడు.

"మా ఖాలా" అన్నాను.

నా ముఖం చూశాడు. "సొంత ఖాలానా?"

"కాదు."

"అల్లా ఆమెను కరుణించుగాక" అని అతను చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు అతనికి చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను. ఇమాం చెప్పని పేరు నేనూ చెప్పను.

ఖాలా అంటే తల్లి తోబుట్టువు. అరబ్బీలో అదే మాట, మా రాయచోటి ముసల్మానుల ఇళ్ళలోనూ అదే మాట. అందుకని రియాద్‌లో ఆమెను ఎవరు ఏ భాషలో పిలిచినా అలాగే పిలిచారు. ఆమె మాత్రం అమెరికా మనిషి. ఆ దేశపు దక్షిణాదిలో ఒక నల్లవాళ్ళ ఇంట్లో పుట్టింది. అక్కడికి చదువుకోవడానికి పోయిన ఒక సౌదీ కుర్రాణ్ణి చేసుకుని, ముస్లిమై, వయసులోనే ఇక్కడికి వచ్చేసింది. ఆ కథ నాకు ఇంతకంటే తెలీదు. నేనెరిగేనాటికే ఆమె ముసలిది. మనిషి నిలువెత్తు, తలకు పూలపూల గుడ్డ చుట్టుకుని, భుజం మీద తువ్వాలు వేసుకుని, నాలుగు పొయ్యిల ముందు పడవ నడిపేవాడిలా నిలబడేది.

నేను అల్ ఖర్జ్‌లో ఒక మజ్రాలో, అంటే పెద్ద కూరగాయల తోటలో, డ్రైవర్ని. తెల్లవారుజామున సరుకు ఎక్కించుకుని రియాద్‌లో హోటళ్ళకు దించి వస్తాను. ఒక చలికాలం మా ముదీర్, అంటే మేనేజరు, నన్ను పిలిచి, కొత్తగా వేసిన ఒక చిన్న మడి చూపించి, "ఈ ఆకు ఒక్క ఇంటికే. వేరే ఎవరికీ అక్కర్లేదు. ఒక అమెరికా ముసలమ్మ విత్తనాలు తెచ్చి ప్రాణం తీసి వేయించింది" అన్నాడు. దాన్ని కాలర్డ్ అంటారు. క్యాబేజీకి చుట్టం, కానీ గడ్డ కట్టదు. మందపాటి ఆకులు ఏనుగు చెవుల్లాగా విచ్చుకుని ఉంటాయి. మా మజ్రాలో మేకలు కూడా దాన్ని ముందు అనుమానంగానే చూశాయి.

ఆ ఆకు కట్టలు వేసుకుని ఒక శుక్రవారం పొద్దున ఆమె ఇంటికి పోయాను. రెండంతస్తుల పాత విల్లా. పైన కాపురం, కింద హోటలు. వెనక వీధిలో బండి ఆపి తలుపు తట్టాను. ఆమే తీసింది. కట్టలో నుంచి ఒక ఆకు లాగి, వాసన చూసి, చెంపకు ఆనించుకుని, అలాగే మెట్టు మీద కూర్చుండిపోయింది. ఏదన్నా పొరపాటు సరుకు తెచ్చానేమో అనుకున్నాను. చాలాసేపటికి తల ఎత్తి, "ఏమన్నా తిన్నావా బేబీ?" అంది.

నలభై దాటినవాణ్ణి. ఇద్దరు పిల్లల తండ్రిని. మీసం ఉంది. నన్ను బేబీ అంటోంది! తర్వాత తెలిసింది, ఆమె అందరినీ అంతే అంటుందని. మన వైపు పెద్దవాళ్ళు "నాయనా" అన్నట్టు. ఆమె ఇంగ్లీషు సాగి సాగి వచ్చేది, నాది ముక్కలు ముక్కలుగా వచ్చేది, మధ్యలో ఇద్దరం అరబ్బీ మీద పడేవాళ్ళం. కానీ ఆమె మాటలు నాకు ఎప్పుడూ మా యాసలోనే గుర్తుంటాయి. అలాగే రాస్తాను.

"లేదు ఖాలా" అన్నాను. "ఈ మెట్టు మీదే ఏదన్నా పెట్టియ్యి, తినేసి పోతా. బట్టలంతా మన్ను."

"ఇది కూరగాయల తలుపు" అంది. "మనుషుల తలుపు అవతల వీధిలో ఉంది. బండి తిప్పుకోని రా."

నాకు అర్థమైంది వేరు. వెనక వీధిలో బండి పెట్టొద్దంటోంది, పొమ్మంటోంది అనుకున్నాను. బండెక్కి, చుట్టూ తిప్పి, పెద్ద రోడ్డెక్కుదామని ఆ ఇంటి ముందు వీధిలోకి వచ్చేసరికి ఆమె నడివీధిలో చేతులు చాపి నిలబడి ఉంది. పిండి అంటిన చేతులు. వెనక నుంచి ఒక కారు హారన్ కొడుతున్నా కదలదు. "యాడికి పోతాండావ్? లోపల చల్లారిపోతాది!"

ముందు తలుపు దగ్గర పాదాల దాకా దిగే తెల్ల తోబు వేసుకున్న ముసలాయన, ఆమె భర్త, చేతికర్ర ఆనించుకుని కూర్చున్నాడు. నన్ను చూసి కష్టపడి లేచి నిలబడ్డాడు. ఖర్జూరం చేతిలో పెట్టి, చిన్న గిన్నెలో గహ్వా పోసి రెండు చేతులతో ఇచ్చాడు. గహ్వా అంటే ఇక్కడివాళ్ళు అతిథికి ఇచ్చే యాలకుల కాఫీ. ఇన్నేళ్ళు ఈ దేశంలో ఉన్నాను, కూరగాయలు దించిన ఇంట్లో నాకోసం ఒక సౌదీ లేచి నిలబడటం అదే మొదటిసారి.

లోపల హాలు పొడుగునా ఒకే బల్ల. ఒకప్పుడు ఆ హాల్లో అడ్డగోడ ఉండేది, ఒంటరి మగవాళ్ళు ఇటు, కుటుంబాలు అటు. దేశంలో ఆ రూలు తీసేసిన వారమే ఆమె సుత్తి తీసుకుని మొదటి దెబ్బ తనే కొట్టిందట. వచ్చినవాళ్ళు వచ్చినట్టు వరుసగా కూర్చోవాలి. ఖాళీ కుర్చీ వదలకూడదు. గిన్నెలు ఒక కొస నుంచి ఇంకో కొసకు చేతులు మారుతూ పోతాయి. నీకు వడ్డించుకునే ముందు పక్కవాడికి వడ్డించాలి. నా పక్కన ఒక సౌదీ డాక్టరమ్మ కూర్చుని ఉంది. ఆమె నా పళ్ళెంలో కోడి ముక్క వేసింది. నేను బిగుసుకుపోయి కూర్చున్నాను.

"నువ్వు నాకు వేస్తేనే నేను తినొచ్చు" అందామె నవ్వుతూ. "ఖాలా చూస్తోంది."

ఆ తిండి సంగతి చెప్పాలి. కోడిని ముందురోజే లబన్‌లో, అంటే ఇక్కడి చిక్కటి మజ్జిగలో, నానబెట్టి, మసాలా పిండి పట్టించి వేయిస్తుంది. పైన కరకర, లోపల రసం. తెల్ల మొక్కజొన్న నూకను వెన్న వేసి ఉడికించి గ్రిట్స్ అంటుంది. ఒక గరిటె నోట్లో పెట్టుకోగానే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. అది మా నూక సంగటే, కాస్త పలచన. ఆ కాలర్డ్ ఆకును పొగబెట్టిన మాంసం ముక్కలతో గంటలకొద్దీ ఉడికిస్తే అది మా పులగూరకు అక్క అవుతుంది. బెండకాయ, టమాటా. అలసందలు. గెనుసుగడ్డలు పాకంలో. నేను ఒక్కో గిన్నె చూస్తూ, ఇది మాది, ఇది కూడా మాది అనుకుంటూ పోయాను. ప్రపంచం అవతలి కొసన, నేను ఫొటోల్లో కూడా చూడని ఊళ్ళో, ఎవరో మా ఇంట్లో తిన్నదే తిని పెరిగారు! ఆ మాట ఎవరితో చెప్పాలో తెలియక పక్కనున్న డాక్టరమ్మతోనే చెప్పాను. ఆమె లేచి పోయి వంటింట్లో చెప్పింది. ఖాలా గరిటె పట్టుకునే వచ్చేసింది.

"అలసందలు మీ ఊర్లో యెట్ల తింటారు?"

"వడలు కాలుస్తాం ఖాలా. నానబెట్టి రుబ్బి."

"రుబ్బి!" అంది. "రుబ్బి!" అని ఇంకోసారి అని, బల్లమీద చేత్తో కొట్టి, నవ్వుతూ లోపలికి పోయింది. తర్వాతి శుక్రవారం బల్లమీద అలసంద వడలు ఉన్నాయి. ఆకారం మాత్రం నక్షత్రంలాగా ఉంది. ఎందుకని నేను అడగలేదు.

అప్పటినుంచి శుక్రవారం నా చివరి సరుకు ఆమెది. జుమా నమాజు ముందు భోజనం, అజాన్ వినపడగానే బల్ల విడిచి మసీదు, తిరిగి వచ్చాక గెనుసుగడ్డతో చేసిన ‘పై’ అనే తీపి రొట్టె. ఆ ఇంట్లో ఎవరి చోటు వారిది. రొట్టెల పొయ్యి కొడుకుది, బల్ల కూతురిది, తలుపు ముసలాయనది, స్టవ్వు ఆమెది. ఒకరి చోటికి ఇంకొకరు పోరు. కోడి వేగిందా లేదా అని ఆమె ముక్కను ఎత్తి చూడదు, తల వంచి నూనె చప్పుడు వింటుంది. బల్ల దగ్గర ఫోను చూస్తూ తినేవాడి వెనక వచ్చి నిలబడుతుంది. ఏమీ అనదు. వాడు ఫోను జేబులో పెట్టేదాకా కదలదు. గ్రిట్స్‌లో చక్కెర వేసుకున్న ఒక ఆఫీసర్ని చూసి నిజంగానే కళ్ళు మూసుకుని దువా చేసింది. కొత్త మనిషి వస్తే తిన్నాకే పేరు అడిగేది. "కాలే కడుపుతో చెప్పిన పేరు నాకు గుర్తుండదు బేబీ" అనేది. అది అబద్ధం. ఆమెకు అందరి పేర్లూ, వాళ్ళ పిల్లల పేర్లూ, ఏ పిల్లకు జ్వరమో, ఎవరి తమ్ముడికి అఖామా కాగితాల కష్టం వచ్చిందో అన్నీ గుర్తుండేవి.

వెనక తలుపు గొడవ ఏమిటో నాకు ఒక ఎండాకాలం తెలిసింది.

ఆ రోజు ఒక పెద్ద కాంట్రాక్టరు భార్యాపిల్లలతో వచ్చాడు. బల్లమీద గిన్నెలు తిరుగుతున్నాయి. ఖాలా కిటికీలోంచి బయటికి చూసి నన్ను పిలిచింది. "ఆ కార్లో ఎవరో ఉండారు. మీ దేశం మనిషి మాదిరి ఉండాడు. పోయి పిలుచుకోని రా."

బయట మంటలు లేచే ఎండ. కారు ఇంజన్ ఆపేసి, తలుపు తెరుచుకుని, నీడ కోసం కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు డ్రైవరు. నిజామాబాద్ వైపు మనిషి. తెలుగు వినగానే ముఖం వెలిగింది గానీ, లోపలికి రమ్మనగానే తల అడ్డంగా ఊపాడు.

"వద్దన్నా. లోపట మా కఫీల్ ఉన్నడు. నేనస్తే బాగుండది. నౌకరి మీదికి వస్తది."

కఫీల్ అంటే ఇక్కడ మనల్ని తెచ్చుకున్న యజమాని. అతని మాట మీదే మన కాగితాలన్నీ ఉంటాయి. అతని భయం నాకు తెలుసు. నేను లోపలికి వచ్చి ఖాలాకు చెప్పాను. ఆమె తువ్వాలుతో చేతులు తుడుచుకుని నేరుగా బల్ల దగ్గరికి నడిచింది. ఇక ఈ మనిషిని తిడుతుంది, అక్కడ ఆ డ్రైవరు ఉద్యోగం పోతుంది అనుకున్నాను.

ఆమె తిట్టలేదు. ఆ కాంట్రాక్టరు కుర్చీ పక్కన, నొప్పి మోకాళ్ళతో, నేలమీద కూర్చుంది. సాగే అరబ్బీలో మెల్లగా మాట్లాడింది.

"మా అవ్వ ఒక హోటల్లో వంట చేసేది నాయనా. ఈ కోడి ఆమెదే, ఈ ఆకు ఆమెదే. ఊరంతా ఆమె చేతివంట కోసం ఆ హోటలుకు వచ్చేది. ముందు తలుపులో నుంచి తెల్లోళ్ళు పోతారు, ఆమె వెనక తలుపులో నుంచి పోతాది. బతికినన్నాళ్ళూ అంతే. తను వండింది తినేవాళ్ళు యాడ కూర్చుంటారో ఆ గది ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. నన్ను పట్టుకోని, 'లోపల దీపాలుంటాయంట, నిజమేనా?' అని అడిగేది. నేను చిన్నదాన్ని, నాకేం తెలుసు. నేనూ చూడలేదు." కిటికీ వైపు చెయ్యి చూపింది. "నాకు నీమీద కోపం లేదు. కానీ నీతో వచ్చిన మనిషి ఎండలో ఉంటే ఈ గిన్నె పట్టుకోడానికి నాకు చేతులు రావు. నువ్వు ఒప్పుకుంటే అతను లోపలికొస్తాడు. లేదంటే పళ్ళేలన్నీ ఎత్తుకోని మనమే అందరం బయటికి పోదాం. ఆ కారు పక్కనే కూర్చోని తిందాం. నాకు రెండూ సమ్మతమే."

కాంట్రాక్టరు ముఖం ఎర్రబడింది. భార్య వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. అతను లేచాడు. అయిపోయింది, వెళ్ళిపోతున్నాడు అనుకున్నాను. ముందు కిందికి వంగి, ఖాలా మోచేయి పట్టుకుని లేపి నిలబెట్టాడు. తర్వాత తనే బయటికి పోయాడు. కిటికీలోంచి చూశాం. కారు దగ్గర ఏం మాట్లాడాడో వినపడలేదు. డ్రైవరు దిగి, చొక్కా సర్దుకుని, అతని వెనకే వచ్చాడు. గుమ్మంలో ముసలాయన అతనికీ లేచి గహ్వా పోశాడు. కాంట్రాక్టరు తన పక్క కుర్చీలో కూర్చోబెట్టి, ఆ ఇంటి రూలు ప్రకారం ముందు అతని పళ్ళెంలో వడ్డించాడు. ఆ నిజామాబాద్ అతను ముద్ద నోట్లో పెట్టుకుని, నా వైపు చూసి, "అన్నా, గిది మా మక్క గటకే గదనే!" అన్నాడు. మక్క గటక అంటే వాళ్ళ వైపు మొక్కజొన్న సంగటి. బల్లంతా ఏమిటేమిటని అడిగి, నవ్వి, మళ్ళీ గిన్నెలు కదిలాయి.

నేను చాలామంది ధైర్యవంతుల్ని చూశాను. ఎదుటివాణ్ణి చిన్నబుచ్చకుండా గెలిచిన మనిషిని ఆమెనొక్కదాన్నే చూశాను.

ముసలాయన ఒక శుక్రవారం వేకువన నిద్రలోనే పోయాడు.

నాకు తెలీదు. ఎప్పటిలాగే ఆకు కట్టలు తీసుకుని వెనక తలుపు దగ్గరికి పోయాను. తలుపు తీసి ఉంది. లోపల ఖాలా నల్ల అబాయాలో, పళ్ళెం నిండా పిండి పోసుకుని, కోడి ముక్కలు అద్దుతోంది. కొడుకూ కూతురూ చెరో పక్క నిలబడి ఏడుస్తున్నారు. జుమా తర్వాత జనాజా. ముందు వీధిలో ఎప్పటిలా జనం చేరుతున్నారు, వాళ్ళకూ తెలీదు.

"అమ్మా, ఈ రోజు మూసేద్దాం. నువ్వు కూర్చో" అంటున్నాడు కొడుకు.

"ఆయన్ను మట్టిలో పెట్టి వచ్చేవాళ్ళు ఆకలితో వస్తారు. మా ఊర్లో చావుకొచ్చినోళ్ళను వట్టి కడుపుతో పంపరు."

"నువ్వు కూర్చోమ్మా" అని కూతురు చేయి పట్టుకుంది.

"కూర్చుంటే నేను మళ్ళా లేయలేను" అంది ఖాలా. గొంతు మామూలుగానే ఉంది. చేతులు పిండిలో ఆగకుండా తిరుగుతున్నాయి. అద్దిన ముక్కనే మళ్ళీ మళ్ళీ అద్దుతోంది.

నేను ఆ ఇంట్లో బయటి మనిషిని. నాకెలా నోరొచ్చిందో తెలీదు. "ఖాలా, మా ఊర్లో చావింట్లో పొయ్యి ఎలిగించరు. ఇరుగుపొరుగోళ్ళు వండి తెస్తారు. మన దీన్‌లోనూ అదే కదా చెప్పింది."

ఆమె నా వైపు తిరిగింది. "ఈ వీధిలో నాకు ఇరుగుపొరుగు యెవరుండారు? అన్నీ ఆఫీసులైపోయినాయి."

"మేము లేమా" అన్నాను.

హాల్లోంచి వంటింటి గుమ్మం దాకా అప్పటికే జనం వచ్చేశారు. కూతురు ఎవరికో చెప్పినట్టుంది, మాట పాకింది. మొదటి రోజు నా పక్కన కూర్చున్న డాక్టరమ్మ ముందుకొచ్చి, ఖాలా భుజం మీది తువ్వాలు తీసి తన భుజాన వేసుకుంది. ఒక నర్సు పిండి పళ్ళెం లాక్కుంది. ఎవరో స్టూలు తెచ్చారు. కన్నపిల్లల్ని కూడా రానివ్వని ఆ స్టవ్వు దగ్గర ఆ పూట పదిరకాల మనుషులు మూగారు. సూడాన్ టీచరు బెండకాయలు తరిగాడు. ఆ కాంట్రాక్టరు తోబు చేతులు పైకి మడిచి సింకులో కాలర్డ్ ఆకు కడిగాడు, ఒక్కో ఆకూ రెండు వైపులా. అతని డ్రైవరు ఉల్లిగడ్డలు కోస్తూ ఏడిచాడు, అవి ఉల్లిగడ్డల కన్నీళ్ళో కాదో తెలీదు. గ్రిట్స్ నా వంతు. తొందరలో నీళ్ళు తక్కువ పోశాను. అది గట్టిపడిపోయింది. ఇక చేసేది లేక తెడ్డుతో కెలికి, చేతులు తడి చేసుకుని, మా ఇంట్లో చేసినట్టు ముద్దలు చేసి పెట్టాను.

స్టూలు మీద కూర్చున్న ఖాలా ఎవరికీ ఏమీ చెప్పలేదు. అందరి చేతుల్నీ చూస్తూ కూర్చుంది.

మగవాళ్ళం జనాజాకు పోయి, ముసలాయన్ని మట్టిలో పెట్టి తిరిగి వచ్చాం. ఆమెను బల్ల నడుమ కూర్చోబెట్టారు. ఆ బల్ల దగ్గర ఆమె కూర్చోగా చూడటం మాకందరికీ అదే మొదలు. ఎవరూ ముద్ద ఎత్తలేదు. ఆమె కోడి ముక్క కొరికింది. "మాడింది" అంది. ఆకు రుచి చూసింది. "ఉప్పు లేదు." తర్వాత నా సంగటి ముద్ద చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఇదేంది?"

"గ్రిట్స్ ఖాలా" అన్నాను. "మా ఇంట్లో ఇట్ల చేస్తారు. బొటనవేలితో గుంత చేసి, కూర దాంట్లో పోసుకోవాల."

ఆమె బొటనవేలితో గుంత చేసింది. ఉప్పు లేని ఆకు అందులో పెట్టుకుని తినింది. పళ్ళెంలో ఉన్నదంతా తినింది, మాడిన ముక్క కూడా. తిన్నాకే ఏడ్చింది. డాక్టరమ్మ మెడ మీద తల పెట్టి, పెద్ద గొంతుతో, ఆ హాలు అదిరేటట్టు ఏడ్చింది. మేమంతా తింటూ కూర్చున్నాం, ఎందుకంటే ఆమె ఏడుస్తూనే చేత్తో తినమని సైగ చేస్తోంది.

ఇద్దత్ గడువు, అంటే భర్త పోయిన ఆడమనిషి ఇల్లు దాటకుండా ఉండే ఆ నాలుగు నెలల పైచిలుకు, ఆమె పై అంతస్తులోనే ఉండిపోయింది. స్టవ్వు కూతురి చేతికి వచ్చింది. ప్రతి శుక్రవారం ముందు పళ్ళెం పైకి పోయేది, కాసేపటికి మెట్ల మీద నుంచి "మిరియాలు!" అనో "ఇంకాసేపు ఉడకల్ల!" అనో కేక వచ్చేది. గడువు తీరి కిందికి వచ్చినా మళ్ళీ స్టవ్వు అడగలేదు. భర్త కుర్చీలో, తలుపు దగ్గర, గహ్వా కూజా పట్టుకుని కూర్చునేది. మోకాళ్ళు పూర్తిగా పాడయ్యాయి, అయినా వచ్చిన ప్రతి మనిషికీ లేచేది. కూర్చోమని మేమెంత చెప్పినా వినలేదు.

ఆ చలికాలమే ఒక రోజు నన్ను అడిగింది. "నా ఆకు యాడ పెరుగుతాదో చూపించు."

ముదీర్‌ను అడిగి, ఒక మంచు పొద్దున ఆమెనూ కూతుర్నీ బండిలో అల్ ఖర్జ్ తీసుకుపోయాను. వెనక సరుకు పెట్టే చోట వేయించిన కోడి, మొక్కజొన్న రొట్టెలు, గంపలకు గంపలు. మజ్రాలో పనివాళ్ళు తలకు గుడ్డలు చుట్టుకుని ఆకు తెంపుతున్నారు. మడి పక్కనే టార్పాలిన్ పరిచి, ఆమె అందరినీ కూర్చోబెట్టింది. ముదీర్‌ను కూడా. వాళ్ళకు వడ్డించమని కూతురికి చెప్పి, తను గట్టు మీద నిలబడి మడి వైపు చూస్తూ ఉండిపోయింది. ఆకుల మీద మంచు నీళ్ళు. మడి అవతల కనుచూపు మేరా ఇసుక.

"మీ అమ్మ ఏం పని చేసేది?" అని నన్ను అడిగింది.

"పొలం పనే ఖాలా. కూలికి పోయేది. శనక్కాయలు పీకేది, పత్తి ఏరేది."

"పత్తి" అంది. రెండు చేతులూ ముందుకు చాపి వేళ్ళ కొసలు చూసుకుంది. "నేనూ ఏరినా. ఇంతుండేదాన్ని. మూట నాకంటే పొడుగు. కాయ ముళ్ళు గుచ్చుకోని ఇక్కడంతా నెత్తురు. ఒకనాడు సాలు నడుమ నిలబడి ఒట్టు పెట్టుకున్నా, పెద్దయినాక మళ్ళా ఏ చేనిలోనూ కాలు పెట్టనని. పెట్టలేదు. ఇన్నేండ్లూ పెట్టలేదు."

కూతురు రొట్టె పంచుతున్నదల్లా ఆగిపోయింది. "అమ్మా, నువ్వు పత్తి ఏరావా? మాకెప్పుడూ చెప్పలేదే!"

"ఏముందని చెప్పేది?" అంది ఖాలా.

ఒక చేత్తో నా భుజం పట్టుకుని చెప్పులు విప్పింది. పాదాలు వాచి ఉన్నాయి. గట్టు దిగి, తడి మన్నులో అడుగు పెట్టి, అడుగు ఆనుతుందో లేదో చూసుకున్నట్టు కాసేపు నిలబడింది. తర్వాత నడుము వంచి మొదటి ఆకు తుంచింది. అడుగు ఆకు, తొడిమతో సహా, మొక్క కదలకుండా. దాన్ని ఎడమ చంకలో పెట్టుకుని ఇంకోటి.

పనివాళ్ళలో ఒక బంగ్లాదేశ్ పెద్దాయన తింటున్నది వదిలి లేచాడు. "ఖాలా, మీరెందుకు, మేం తెంపి ఇస్తాం."

"నువ్వు కూర్చో. తిను" అంది తల ఎత్తకుండానే. "నువ్వు రోజూ తెంపుతావు."

అతను కూర్చున్నాడు. వాళ్ళందరూ రొట్టె చేతిలో పట్టుకుని, తింటూ, ఆమెనే చూస్తున్నారు. నాలుగు అడుగులకొకసారి ఆగి మోకాలు పట్టుకుంటుంది, మళ్ళీ వంగుతుంది. ఎండ పైకి వచ్చింది. నేను బండి దగ్గరికి పోయి నీళ్ళ సీసా తెచ్చి, కూతురి పక్కన నిలబడ్డాను. "పిలిచేదా? మోకాళ్ళు నొప్పి పెడతాయి" అన్నాను.

కూతురు తల అడ్డంగా ఊపింది. "వద్దు భాయ్" అంది. "తన ఇష్టంతో వంగుతోంది."

ఖాలా సాలు చివరికంటా పోయింది. అక్కడ నడుము మీద చేతులు పెట్టుకుని, ఇసుక వైపు తిరిగి, కాసేపు ఊపిరి తీసుకుంది. చంక నిండిన ఆకులు గట్టు మీద పేర్చింది. మేమంతా ఇక వస్తుందనుకున్నాం. ఆమె వెనక్కి తిరిగి, పక్క సాలులోకి దిగింది.